రైల్వే పట్టణంలో తెలుగు కళ: పండుగకు చందా సరే, పాఠానికి ఏది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ వంటి రైల్వే పట్టణాలలో స్థిరపడిన తెలుగువారికి ఉగాది వేడుక జరుపుకోవడం పెద్ద కష్టం కాదు. నలుగురు పెద్దలు పూనుకుంటే చందాలు పోగవుతాయి. పందిరి వేస్తారు, పాటకచ్చేరీ పెడతారు, పిల్లల చేత నృత్యం చేయిస్తారు. కష్టమంతా మర్నాటి నుంచే. ఆ పిల్లలకు వారానికి రెండు రోజులు కోలాటమో, హరికథో, కనీసం తెలుగు అక్షరాలో నేర్పే గురువుకు నెలనెలా పారితోషికం ఇచ్చే ఏర్పాటు అరుదు. ఒక్క రోజు వేడుకకు పుట్టే డబ్బు ఏడాది పొడుగునా సాగే శిక్షణకు ఎందుకు పుట్టదన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

బిలాస్‌పూర్‌కు తెలుగువారి రాక రైలు మార్గంతో ముడిపడినది. 1887లో ఏర్పడిన బెంగాల్‌ నాగపూర్‌ రైల్వే నిర్మించిన నాగపూర్‌–అసన్సోల్‌ మార్గం 1891లో ప్రారంభమయింది. రాయపూర్‌–విజయనగరం మార్గం 1931లో పూర్తి కావడంతో ఉత్తరాంధ్ర జిల్లాలకు, ఈ ప్రాంతానికి రాకపోకలు సులభమయ్యాయి. రైల్వే కొలువుల కోసం వచ్చిన కుటుంబాలు ఇక్కడే వేళ్లూనుకున్నాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ నగరమే ప్రధాన కేంద్రమయింది. 1936లో మధ్య పరగణాల తాత్కాలిక గవర్నరుగా పనిచేసిన ఇ. రాఘవేంద్రరావు పేరిట ఉన్న సభాభవనం నేటికీ నగర సాంస్కృతిక కార్యక్రమాలకు వేదికగా నిలుస్తున్నది.

ఇన్నాళ్లూ ఇటువంటి పట్టణాలలో సంఘాలను నిలిపినది చందా. స్థిరమైన జీతం, ఒకే బస్తీలో నివాసం, ఒకే కార్యాలయంలో పని అనే మూడు కారణాల వల్ల చందా వసూలు సులభంగా సాగేది. ఈ మూడూ ఇప్పుడు సడలుతున్నాయి. పదవీ విరమణ చేసినవారు క్వార్టర్లు ఖాళీ చేసి నగరంలో తలో దిక్కుకు చేరుతున్నారు. చదువుకున్న పిల్లలు రాయపూర్‌, హైదరాబాద్‌, బెంగళూరు వెళుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మూడో తరంలో తెలుగు చదవగలిగేవారు తక్కువ. చందాపైనే ఆధారపడిన సంస్కృతికి చందాదారులు తగ్గినప్పుడు ముందుగా కోత పడేది శిక్షణకే. వేడుక మాత్రం ఎలాగో గట్టెక్కుతుంది.

ఇక ప్రభుత్వ నిధుల విషయానికి వస్తే, అవి లేవనడం సరికాదు. పార్లమెంటు సభ్యునికి స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం కింద ఏటా 5 కోట్ల రూపాయలు కేటాయిస్తారు. అయితే ఆ నిధి ప్రధానంగా మన్నికైన సామాజిక ఆస్తుల సృష్టికి ఉద్దేశించినది. దానితో భవనం లేస్తుంది కాని, భవనంలో పాఠం చెప్పే గురువుకు వేతనం రాదు. రైల్వేల సిబ్బంది సంక్షేమ నిధి నుంచి సాంస్కృతిక కార్యక్రమాలకు ఖర్చు చేయవచ్చు. కాని అది ఉద్యోగులు, వారి కుటుంబాల కోసం ఏర్పడినది. రైల్వే గడప దాటిన తరానికి దాని నీడ పెద్దగా అందదు.

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ అమలు చేస్తున్న కళా సంస్కృతి వికాస్‌ యోజనలో మార్గాలు ఇంకా విశాలంగా ఉన్నాయి. ఉత్సవాలు, కార్యశాలలు, ప్రదర్శనల నిర్మాణానికి నమోదైన సంస్థలకు 5 లక్షల రూపాయల వరకు, అసాధారణ సందర్భాలలో 20 లక్షల వరకు సహాయం పొందే వీలుంది. వృద్ధ కళాకారులకు నెలకు 6,000 రూపాయల సహాయం ఉన్నా, వార్షికాదాయ పరిమితి 72,000 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ కనీస పింఛను నెలకు 9,000 రూపాయలు కనుక, రైల్వే పింఛనుదారుడైన కళాకారుడు ఎవరైనా ఆ పరిమితిని దాటిపోతారు.

వీటన్నిటికంటె ఈ పట్టణానికి సరిగ్గా సరిపోయే ద్వారం మరొకటి ఉన్నది. నాగపూర్‌లోని దక్షిణ మధ్య క్షేత్ర సాంస్కృతిక కేంద్రం పరిధిలో ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ కూడా సభ్య రాష్ట్రాలే. అంటే కళ పుట్టిన నేల, కళాకారుడు స్థిరపడిన నేల ఒకే సంస్థ ఛాయలో ఉన్నాయి. కనుమరుగవుతున్న కళల కోసం క్షేత్ర సాంస్కృతిక కేంద్రాలు నడిపే గురు శిష్య పరంపర పథకంలో గురువుకు నెలకు 7,500, సహ వాద్యకారునికి 3,750, శిష్యునికి 1,500 రూపాయల చొప్పున ఇస్తారు. పది మంది శిష్యులున్న ఒక బృందాన్ని ఊహించుకుంటే, ఏడాదికయ్యే ఖర్చు 3 లక్షల 15 వేల రూపాయలు. ఒక మోస్తరు భవనంపై పెట్టే వ్యయంతో పోలిస్తే ఇది ఎంతో స్వల్పం.

మరి చిక్కు ఎక్కడున్నది? సొంత రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు సహజంగానే తమ రాష్ట్రంలోని కళాకారులను ముందు చూస్తాయి. ఆశ్రయమిచ్చిన రాష్ట్రం పండవానీ, పంథీ, నాచా వంటి తన కళలను ముందు చూస్తుంది. 2011 జనగణన ప్రకారం ఛత్తీస్‌గఢ్‌ జనాభాలో తెలుగును మాతృభాషగా పేర్కొన్నవారు ఒక శాతం కూడా లేరు. వెరసి, ఏ రాష్ట్ర ప్రాధాన్య క్రమంలోనూ ఈ సమూహం పైవరుసలోకి రాదు.

ఛత్తీస్‌గఢీ కళలకే నిధులు చాలనప్పుడు పొరుగు భాషకు ప్రజాధనం ఎందుకన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. తమకొక వాటా కావాలని పట్టుబట్టడం దానికి జవాబు కాదు. బిలాస్‌పూర్‌లో ఏటా రావత్‌ నాచా మహోత్సవం జరుగుతుంది. అది పశుపాలక యాదవుల నృత్యం. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు కూడా అదే జీవనం నుంచి పుట్టినవి. ఈ రెండింటినీ ఒకే ప్రాంగణంలో నేర్పించి, ఒకే వేదికపై నిలిపే ప్రణాళికతో ముందుకు వస్తే అది ఒక వర్గం కోరిక కాక నగరం పని అవుతుంది. భాష, లిపి, సంస్కృతులను పరిరక్షించుకొనే హక్కును రాజ్యాంగం 29వ అధికరణంలో గుర్తించింది. ఆ హక్కు ఇరుగుపొరుగుతో కలిసి సాగినప్పుడే బలపడుతుంది.

నిధుల కోసం ఢిల్లీ వైపే చూడనవసరం కూడా లేదు. బొగ్గు రంగ ప్రభుత్వ సంస్థ సౌత్‌ ఈస్టర్న్‌ కోల్‌ఫీల్డ్స్‌ ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉన్నది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్‌ ప్రకారం నిర్ణీత స్థాయి కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. సంప్రదాయ కళల పోషణ ఆ చట్టం ఏడవ షెడ్యూలులో స్పష్టంగా ఉన్నది.

అయితే ఏ తలుపు తట్టినా కాగితాలు అడుగుతారు. సొసైటీగా నమోదు, ఎన్‌జీఓ దర్పణ్‌లో గుర్తింపు సంఖ్య, ఆడిటు లెక్కలు, ఖర్చు తరువాత వినియోగ ధ్రువపత్రం కావాలి. సామాజిక బాధ్యత నిధులకైతే సీఎస్‌ఆర్‌–1 నమోదు, మూడేళ్ల అనుభవం కూడా చూపాలి. చందా పుస్తకంతో, పరస్పర విశ్వాసంతో నడిచిన సంఘాలకు ఇది కొత్త విద్య. కాని ప్రజాధనం అడిగేవారు లెక్క చూపడం న్యాయం. విరమణ చేసిన రైల్వే ఖాతాల ఉద్యోగులున్న పట్టణంలో ఈ విద్య తెలిసినవారికి కొదవ ఉండకూడదు.

ప్రభుత్వం వైపు నుంచీ ఒక సవరణ అవసరం. బ్రిటన్‌లో నేషనల్‌ లాటరీ కమ్యూనిటీ ఫండ్‌ 300 పౌండ్ల నుంచి 20,000 పౌండ్ల వరకు చిన్న గ్రాంట్లను స్థానిక సంఘాలకు అందిస్తున్నది. చిన్న సంస్థ చిన్న మొత్తంతో మొదలుపెట్టి, లెక్క చూపి, తరువాత పెద్ద సహాయానికి అర్హత సంపాదించుకొనే మెట్టు అది. మన పథకాలలో 5 లక్షలకు ఉన్న ద్వారం 50 వేలకు కూడా, తేలికైన దరఖాస్తుతో, తెరుచుకోవాలి. 15వ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి 31తో ముగింపు. ఏప్రిల్‌ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం ఆరంభం. కేంద్ర పథకాలను మళ్లీ మదింపు చేసే సందర్భం ఇదే కనుక, ఈ ప్రతిపాదనను క్షేత్ర సాంస్కృతిక కేంద్రాల ముందుంచడానికి తగిన అదను కూడా ఇదే.

తప్పెట కొట్టడం తెలిసిన పెద్దలు ఉన్నంతవరకే ఈ పథకాలకు అర్థం. గురువు లేని కళకు ఎంత గ్రాంటు మంజూరైనా, దానితో కొనగలిగేది వాద్యాన్నే.