ఒక మనిషి, ఆరు రిజిస్టర్లు

బిలాస్‌పూర్ రైల్వే స్టేషనుకు సమీపంలో, అర్పా నది ఒడ్డున తోర్వా అనే పేట ఉన్నది. ఛఠ్ పండుగనాడు అక్కడి ఘాట్ దీపాలతో నిండిపోతుంది. ఆ పరిసరాలలో చెవియొగ్గి వింటే హిందీ, ఛత్తీస్‌గఢీ మాటల నడుమ తెలుగు కూడా వినిపిస్తుంది. అది నిన్నమొన్న వచ్చిన తెలుగు కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే తన పట్టాల వెంట ఉత్తరాంధ్ర కూలీలను, ఖలాసీలను, ఫైర్‌మన్లను తీసుకొని వచ్చింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో రాకపోకలు మరింత సులభమైనాయి. వచ్చినవారిలో చాలామంది తిరిగి వెళ్లలేదు. వారి మనుమలు, మునిమనుమలు నేడు ఛత్తీస్‌గఢ్ పౌరులు.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. తాత రైల్వేలో ఖలాసీ. మనుమడికి ఆ ఉద్యోగం దక్కలేదు; దినకూలీతో బతికి, నడివయస్సులోనే కన్నుమూశాడు. ఇంట మిగిలినది ముసలితల్లి, భార్య, అంగన్‌వాడీకి వెళ్లే పాప. మూలనున్న రేకుపెట్టెలో వారి సంపద అంతా కాగితాలే: రేషను కార్డు, ఆధార్ కార్డు, ఆరోగ్య కార్డు, అంగన్‌వాడీ పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం, నగర నిగమ్ ఇచ్చిన మరణ ధ్రువపత్రం. ఆరు కాగితాలకు వెనుక ఆరు కార్యాలయాలు, ఆరు రిజిస్టర్లు. మనిషి ఒక్కరే అయినా, ఏ రిజిస్టరూ మరొక రిజిస్టరుతో మాట్లాడదు.

భర్త పోయిన సంగతి ఒక కార్యాలయానికి తెలుసు. భార్యకు వితంతు పింఛను ఇవ్వవలసిన కార్యాలయానికి తెలియదు. ఆమెయే వెళ్లి చెప్పాలి, కాగితంతో రుజువు చేయాలి, కూలి మానుకొని వరుసలో నిలబడాలి. ఈ బాధ తీర్చడానికే ప్రపంచమంతటా ప్రభుత్వాలు ఒక ఉపాయం ఆలోచిస్తున్నాయి: సంక్షేమ శాఖలన్నిటికీ కలిపి ఒకే చిట్టా.

ఒక గ్రంథానికి చెదరిన పుటలు

ఈ ఆలోచన కంప్యూటర్ల కన్న పాతది. అమెరికాలో జనన మరణ గణాంకాల కార్యాలయానికి అధిపతిగా ఉన్న హాల్బర్ట్ డన్ 1946లో ఒక చక్కని పోలిక చెప్పాడు. ప్రతి మనిషీ ఒక జీవితగ్రంథం రచిస్తాడు. దాని మొదటి పుట జననం, చివరి పుట మరణం. ఆ పుటలు వేర్వేరు కార్యాలయాలలో చెల్లాచెదురుగా పడి ఉంటాయి. వాటిని ఏరి, కూర్చి, ఒక గ్రంథంగా కుట్టడమే రికార్డుల అనుసంధానమని ఆయన వివరించాడు.

పుటలు కుట్టకపోతే ఏమవుతుందో లండను నగరం 2000లో చూచింది. ఐవరీ కోస్ట్ నుండి వచ్చిన విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల బాలిక, ఆమెను పెంచుతామని తెచ్చినవారి చేతులలోనే హింసకు గురియై ఆ ఏడాది ఫిబ్రవరి 25న మరణించింది. ఆమెను ఎవరూ చూడలేదా? చూశారు. నాలుగు స్థానిక సంస్థల సాంఘిక సేవాశాఖలకు, రెండు ఆసుపత్రులకు, పోలీసుల బాలరక్షణ విభాగాలకు ఆమె సంగతి తెలుసు. వేరొక పిల్ల పాస్‌పోర్టు మీద దేశంలోకి తెచ్చినందువలన ఆమె పేరు కూడా కాగితాలలో వేరుగా, ‘అన్నా’ అని నమోదయింది. ఆమెను రక్షించగలిగిన పన్నెండు సందర్భాలు చేజారిపోయాయని, 2003లో వెలువడిన లార్డ్ లేమింగ్ విచారణ నివేదిక తేల్చింది.

ఆ విషాదం నుండే ఇంగ్లండులో కాంటాక్ట్‌పాయింట్ అనే పట్టిక పుట్టింది. దేశంలోని సుమారు ఒక కోటి పది లక్షల మంది పిల్లల పేరు, చిరునామా, పుట్టినతేదీ, వారికి సేవలందిస్తున్న సంస్థల వివరాలు అందులో చేర్చారు. ఆసుపత్రి కాగితాలు, పోలీసు నివేదికలు అందులో లేవు. ఈ బిడ్డ గురించి ఇంకెవరిని అడగాలో చెప్పే సూచిక మాత్రమే అది. అయినప్పటికీ మూడు లక్షలకు పైగా ఉద్యోగులు దానిని తెరిచి చూడవచ్చునన్న భయం ప్రజలను వెన్నాడింది. 2009లో వాడుకలోకి వచ్చిన ఆ పట్టికను 2010 ఆగస్టులో కొత్త ప్రభుత్వం మూసివేసింది. కలపకపోతే ప్రాణహాని, కలిపితే గోప్యతకు హాని. సమస్య అంతా ఈ రెండింటి నడుమనే ఉన్నది.

పేరులో ఏమున్నది?

కలపడమన్నది వినడానికి తేలిక. చేయబోతే మొదటి అడ్డంకి పేరు. అప్పలనర్సమ్మ అనే పేరును ఉత్తరాంధ్రలో ఎవరైనా ఒక్క ఊపిరిలో పలుకుతారు. అదే పేరు నాగరి లిపిలో ఒకచోట ‘అప్పల్ నరసమ్మా’, మరొకచోట ‘నర్సమ్మా బాయి’, ఇంకొకచోట ‘ఎ. నర్సమ్మ’ కావచ్చు. తెలుగువారు ఇంటిపేరును ముందుంచి ఒక అక్షరానికి కుదిస్తారు. హిందీ దరఖాస్తులో ఇంటిపేరు చివర రావాలి. అందువలన అప్పారావులోని ‘రావు’ ఇంటిపేరైపోతుంది. అతని కొడుకు రమణమూర్తి అయితే ‘మూర్తి’ ఇంటిపేరవుతుంది. తండ్రీకొడుకులను యంత్రం రెండు వంశాలవారుగా లెక్కిస్తుంది. ఇద్దరు అపరిచితులైన ‘రావు’లను మాత్రం ఒకే ఇంటివారని శంకిస్తుంది.

ధ్వనిని బట్టి పేర్లను పోల్చే సౌండెక్స్ అనే పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంటు లభించింది. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులను తీసివేసి, మిగిలిన హల్లులకు అంకెలు వేయడం దాని సూత్రం. ఇంగ్లీషు పేర్లకు అది బాగానే పనికివస్తుంది. కాని ‘వ’కారాన్ని ‘బ’కారంగా రాసే బెంగాలీ గుమాస్తా చేతిలో వెంకట్ కాస్తా బెంకట్ అయితే, మొదటి అక్షరమే మారిపోయి రెండు పేర్లూ ఎన్నటికీ కలియవు.

ఆధార్ సంఖ్యతో ఈ చిక్కు తీరదా అని అడుగవచ్చు. చాలావరకు తీరుతుంది. కాని అన్ని చిట్టాలలోనూ ఆ సంఖ్య ఉండదు. ఉన్నచోట కూడా, దానిని ఎక్కించేది మనిషి చేయి. ఒకరి సంఖ్య మరొకరి విద్యుత్ మీటరుకు తగులుకుంటే, ఆ మీటరు ఖర్చంతా వారిదే అవుతుంది. ఇక సంఖ్య లేనిచోట యంత్రం పేరు, తండ్రిపేరు, వయస్సు, చిరునామా పోల్చి ‘వీరిద్దరూ ఒకరే కావచ్చు’ అని ఊహిస్తుంది. ఊహ తప్పడానికి రెండు మార్గాలున్నాయి. ఒకే మనిషిని ఇద్దరుగా చూడటం ఒకటి. అప్పుడు ఖజానాకు నష్టం. ఇద్దరు మనుషులను ఒకరుగా చూడటం మరొకటి. అప్పుడు ఒక ఇంట పొయ్యి ఆరిపోతుంది. గణితం దృష్టిలో రెండూ తప్పులే. ధర్మం దృష్టిలో రెండూ సమానం కావు.

తెలుగునాట నేర్చిన పాఠం

2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. ఒక్క రోజులో కోటికి పైగా కుటుంబాల వివరాలు సేకరించారు. లెక్కలో లేకుంటే కార్డు పోతుందేమోనన్న దిగులుతో, పొట్టచేత పట్టుకొని దూరదేశాలకు వెళ్లినవారు బస్సులు, రైళ్లు కిక్కిరిసి సొంత ఊళ్లకు చేరుకున్నారు. తరువాతి కాలంలో ‘సమగ్ర వేదిక’ అనే ఏర్పాటు ద్వారా అనేక శాఖల పట్టికలను కలిపి చూడసాగారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ప్రజాసాధికార సర్వే జరిగింది. ఛత్తీస్‌గఢ్ ఒకనాడు భాగంగా ఉండిన మధ్యప్రదేశ్, ప్రతి కుటుంబానికి ఎనిమిది అంకెలు, ప్రతి సభ్యునికి తొమ్మిది అంకెలుగల ‘సమగ్ర’ సంఖ్యలను కేటాయించింది.

ఈ చిట్టాల ఉద్దేశం మంచిదే. దొంగ కార్డులు లేవనడానికి వీలులేదు. ఛత్తీస్‌గఢ్‌లో వివాహిత స్త్రీలకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చే మహతారీ వందన్ పథకం 2024లో ప్రారంభమయింది. ఆ ఏడాది డిసెంబరులో, బస్తర్‌లో ఒక సినీనటి పేరుతో నమోదైన ఖాతాకు ఆ సొమ్ము చేరుతున్నట్టు బయటపడి దేశమంతా నవ్వుకున్నది. ఇటువంటి అక్రమాన్ని పట్టడానికి పట్టికలను సరిపోల్చి చూడవలసిందే.

అయితే తెలంగాణలో 2014 తరువాతి కొన్నేళ్లలో సుమారు 19 లక్షల రేషను కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు ఇవ్వలేదని, ఇంటికి వచ్చి చూడలేదని ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కారు ఉన్నవారికి కార్డు అవసరం లేదన్నది నియమం. హైదరాబాదులో రిక్షా లాగి బతికిన ఒక వ్యక్తి, తన పేరును పోలిన పేరుగల కారు యజమానితో కలిసిపోయి, కారున్నవాడుగా నమోదైన ఉదంతం పత్రికలకెక్కింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని ఆదేశించింది. మొదట పరిశీలించిన సుమారు రెండు లక్షల దరఖాస్తులలోనే పదిహేను వేలకు పైగా అర్హమైనవని తేలింది. ప్రతి దరఖాస్తు వెనుక ఒక కుటుంబం ఉన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో అమలైన ఆరు అంచెల పరిశీలనలో నెలకు 300 యూనిట్లకు మించి విద్యుత్ వాడే కుటుంబం అనర్హమైనది. నియమం న్యాయంగానే కనిపిస్తుంది. కాని ఒకే మీటరు కింద మూడు వాటాల వారు కాపురముండే ఇళ్లు మన పట్టణాలలో ఎన్ని లేవు? మీటరు తిరిగిన లెక్క మాత్రమే యంత్రానికి తెలుసు. ఆ వెలుగులో ఎన్ని కంచాలు పెట్టారో దానికి తెలియదు.

సంపన్న దేశాలు సైతం ఈ పొరపాటుకు అతీతం కావు. ఆస్ట్రేలియాలో 2016లో మొదలైన ఒక పద్ధతి పన్నుల శాఖ వద్దనున్న సంవత్సరాదాయాన్ని పక్షానికింత అని సమంగా పంచి, సహాయం పొందినవారి లెక్కతో పోల్చింది. ఆరు నెలలు పనిచేసి, ఆరు నెలలు పనిలేక భృతి తీసుకున్నవాడు ఏడాది పొడుగునా సంపాదించినట్టు తేలాడు. ప్రభుత్వానికి బాకీ పడ్డావని లక్షలాది మందికి తాఖీదులు వెళ్లాయి. అది తప్పని రుజువు చేసుకొనే భారం వారి మీదనే పడింది. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని తేలి, 2020లో డబ్బు వాపసు ఇవ్వవలసి వచ్చింది. 2023 జూలైలో విచారణ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఒకవారం పని, మరొకవారం పస్తు ఉండే తోర్వా దినకూలీకి ఈ కథ బోధపరచవలసిన పనిలేదు.

ముందు ఏ పేరు కదలాలి?

ఇప్పుడు ఆ రేకుపెట్టె ఉన్న ఇంటికి తిరిగి రావచ్చు. జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. మరణ వివరాలను జాతీయ స్థాయి పట్టికలో చేర్చి, రేషను కార్డులు మొదలైన ఇతర పట్టికలకు అందజేయడానికి అది దారి తెరిచింది. అంటే నగర నిగమ్ రిజిస్టరులో భర్త మరణం నమోదైతే, రేషను కార్డు నుండి అతని పేరు ఎవరూ చెప్పకుండానే తొలగిపోగలదు. అది న్యాయమే. కాని ఆ వార్తయే భార్య పేరును పింఛను జాబితా దగ్గరకు చేర్చగలదు. ఒక అధికారి ఆమె తలుపు తట్టి, ‘అమ్మా, మీకు ఈ సాయం పొందే హక్కు ఉన్నది, సంతకం చేయండి’ అని చెప్పగలడు. తీగ ఒక్కటే, దాని మీద ఏ వార్త ముందు పరుగెత్తాలో నిర్ణయించేది మనుషులు. తొలగించే పేరు క్షణంలో కదిలి, చేర్చే పేరు దరఖాస్తు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తే, ఆ చిట్టా పేదవాని కోసం కుట్టినది కాదు.

కాబట్టి ఉమ్మడి చిట్టాకు కొన్ని కట్టుబాట్లు అవసరం. మనిషిని వెదకి సాయం చేర్చడానికి యంత్రం ఊహ చాలు; ఊహ తప్పితే ఉద్యోగి ఒక అడుగు వృథాగా నడుస్తాడు, అంతే. పేరు కొట్టివేయడానికి మాత్రం ఆ ఊహ చాలదు. నోటీసు ఇవ్వాలి, అది ఆ మనిషికి తెలిసిన భాషలో ఉండాలి, ఇంటికి వెళ్లి చూడాలి, జవాబు వినాలి. అంతవరకు బియ్యం ఆగకూడదు. చిట్టాలో తన గురించి ఏమి రాసి ఉన్నదో చూచుకొని సరిదిద్దించుకొనే హక్కు ప్రతివారికీ ఉండాలి. అంగన్‌వాడీ కార్యకర్తకు పాప బరువు తెలిస్తే చాలు, అమ్మమ్మ జబ్బు సంగతి తెలియనక్కరలేదు. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే తెరవాలి. గోప్యత పౌరుని ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు బంగళాలో ఉన్నవారికి ఎంత వర్తిస్తుందో, రేషను షాపు వరుసలో ఉన్నవారికీ అంతే వర్తిస్తుంది.

ఇవి సాధ్యం కాని కోరికలు కావు. ఒక రాష్ట్రపు కార్డుతో వేరొక రాష్ట్రంలో రేషను తీసుకొనే ఏర్పాటును 2019 ఆగస్టులో మొదట ప్రయోగించిన జంటలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ కూడా అందులో చేరింది. శ్రీకాకుళం కార్డు పట్టుకొని బిలాస్‌పూర్‌కు పనికి వచ్చిన కూలీకి ఇక్కడి రేషను షాపులో బియ్యం పొందే వీలు కలిగింది. రిజిస్టర్లు కలిసినందువలననే అది సాధ్యమయింది. పట్టాలు కలిస్తే రైలు సరిహద్దు దాటినట్టే, పట్టికలు కలిస్తే హక్కు సరిహద్దు దాటుతుంది.

విక్టోరియా క్లింబీని చూచిన కార్యాలయాలకు లోపించినది పట్టిక ఒక్కటే కాదు. ఆ పిల్ల కళ్లలోకి చూచి, ఆమె భాషలో ఒక్క ప్రశ్న అడిగే మనిషి కూడా లోపించాడు. ఎంత గొప్ప చిట్టా అయినా చేయగలిగినది ఫలానా తలుపు తట్టమని చెప్పడం వరకే. తట్టవలసినది మనిషే. తోర్వాలో ఆ తలుపు తెరిచే ముసలమ్మ పేరు ఏ రిజిస్టరులో ఏ విధంగా రాసి ఉన్నా, ఎదుట నిలిచి అడిగినవారికి తన పేరు తానే సరిగా చెబుతుంది.