ఎక్కినవారికే తెలిసే వేగం

క్రికెట్ చూడవచ్చిన వారిని పిచ్‌పై అడుగు పెట్టనివ్వరు. సైకిలు పందెపు బాట మాత్రం ఎవరైనా తొక్కవచ్చును. ఫ్రాన్సులోని ఆల్ప్ డుయెజ్ కొండదారి 13.8 కిలోమీటర్లు, మలుపులు 21. అక్కడ 1952లో తొలి విజేత ఇటలీ దేశీయుడు ఫౌస్తో కొప్పి. టూర్ ద ఫ్రాన్స్ అటు వచ్చిన ఏట, విహారయాత్రికులు ముందుగా సొంత సైకిళ్లపై ఆ కొండ ఎక్కి, పిదప దారి పక్కన నిరీక్షిస్తారు. తమను గంటన్నర రొప్పించిన ఎత్తును మేటి వీరులు సుమారు 40 నిమిషాలలో దాటుతుంటే, ఆ వేగమేమిటో వారి కాళ్లకు తెలుస్తుంది.

మా ఢిల్లీకీ అటువంటి రోజు వచ్చింది. 2010 అక్టోబరు 10న కామన్‌వెల్త్ క్రీడల పందెం ఇండియా గేటు పరిసరాలలో సాగింది. ఆస్ట్రేలియా క్రీడాకారుడు అలన్ డేవిస్ గెలిచాడు. అనువాదపు గడువు మీదపడి, నేను ఇల్లు కదలలేదు! మరుసటి ఆదివారం వేకువనే అదే దారిలో సైకిలు తొక్కాను. కొండ లేదు, గుట్ట లేదు. అయినా రెండవ చుట్టుకే మోకాళ్లు మొరపెట్టాయి. మూడవ చుట్టు మొదలుపెట్టేసరికి బస్సులు వచ్చేశాయి.