కోడింగ్ వచ్చా? పిల్లల లైబ్రరీలో పని ఉంది!

వేసవి దగ్గర పడితే చాలు, ఇంజినీరింగ్ మూడో ఏడాది వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: ‘ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేస్తున్నారు?’ రెండు నిమిషాల్లో పది లింకులు వచ్చి పడతాయి. ఫీజు కట్టాలి, నాలుగు వారాలు వీడియోలు చూడాలి, ఓ క్విజ్ రాయాలి. సర్టిఫికెట్ పీడీఎఫ్‌లో వచ్చేస్తుంది. కోర్సు పేరు ఏఐ అయినా, డేటా సైన్స్ అయినా ప్రాజెక్టు మాత్రం చాలాసార్లు ఒకటే. టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో కంప్యూటర్‌తో ఊహించడం! ఆ ఓడ 1912లోనే మునిగింది. మన రెజ్యూమేల్లో మాత్రం ఇంకా మునుగుతూనే ఉంది.

డబ్బు కట్టి అలాంటి కాగితం తెచ్చుకునే బదులు మీ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లండి. అక్కడ పిల్లల విభాగం ఎక్కడుందో అడగండి. ఎనిమిది వారాలు అక్కడ పనిచేయండి. సరదాకి చెప్పడం లేదు. బీటెక్ మూడో ఏడాది అయ్యాక నేను చేసింది అదే. స్టైపెండ్ లేదు, ఏసీ లేదు, చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చినవాళ్లూ లేరు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఆరేళ్లు గడిచాయి. ‘యూజర్’ అనే మాటకు అర్థం ఎక్కడ తెలిసిందని ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పటికీ ఆ గదే గుర్తొస్తుంది.

యూజర్ ఎత్తు మూడున్నర అడుగులు

పిల్లలు పుస్తకాన్ని ఎలా అడుగుతారో ఎప్పుడైనా విన్నారా? ‘అన్నా, మొన్నటి పులి పుస్తకం ఏదీ?’, ‘పచ్చ అట్ట ఉంటదే, అది’, ‘ఏనుగు కింద పడిపోతుంది చూడు, ఆ కథ’... ఇలా ఉంటాయి ప్రశ్నలు. ఇక లైబ్రరీ అక్సెషన్ రిజిస్టర్ తెరిస్తే అందులో ఉండేవి నంబరు, రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు, వెల. పులి లేదు. పచ్చ అట్ట లేదు. ఏనుగు పడిపోవడం అసలే లేదు. రిజిస్టర్ తప్పేం కాదు, అది లెక్క చెప్పడానికి పుట్టింది. పిల్లాడి ప్రశ్నకు జవాబు చెప్పే పని దానికి ఎవరూ అప్పగించలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో లక్షలు ఖర్చుపెట్టి ‘రిక్వైర్‌మెంట్స్’ సేకరిస్తారు. ఇక్కడ అవి మన దగ్గరికే పరుగెత్తుకొస్తాయి, చొక్కా పట్టి లాగుతాయి.

డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. పుస్తకం వీపున ఆ అంకె చూస్తే లైబ్రేరియన్‌కు విషయం తెలిసిపోతుంది. ఏడేళ్ల పాపకు ఆ అంకెతో పని లేదు. అందుకే నంబరు అలాగే ఉంచి, పైన చిన్న బొమ్మ స్టిక్కర్లు అంటించాం. జంతువుల కథలకు పులి, సైన్స్‌కు బల్బు, జానపద కథలకు కోట. పై అరల్లోని పుస్తకాలు కిందికి దించాం. కొన్నిటిని వీపు కాకుండా అట్ట కనిపించేలా నిలబెట్టాం. దీంట్లో ఒక్క లైను కోడ్ కూడా లేదు. కానీ ‘అన్నా, ఏదీ?’ అని అడిగేవాళ్లు తగ్గారు. తమంతట తామే తీసుకోవడం మొదలుపెట్టారు.

చదివే స్థాయిని బట్టి రంగు చుక్కలు పెడదామన్న ఆలోచన నాదే. పేజీకి ఒకటి రెండు వాక్యాలుంటే ఆకుపచ్చ, ఓ పేరా ఉంటే పసుపు, బొమ్మలు తగ్గి కథ పెరిగితే ఎరుపు. అక్కడి లైబ్రేరియన్ మేడమ్ అంతా విని ఒక మాట అన్నారు: ‘బాగుంది గానీ, చుక్క మీద తరగతి నంబరు వేయకు నాయనా. ఐదో తరగతి పిల్లాడు ఒకటో తరగతి పుస్తకం పట్టుకోవాలంటే సిగ్గుపడతాడు.’ యూజర్ ఎక్స్‌పీరియన్స్ గురించి ఆ తర్వాత చాలా చదివాను. ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ.

తెలుగు సెర్చ్... అసలు పరీక్ష

ఇక కోడింగ్‌కు పని లేదా అంటే బోలెడంత ఉంది. మనం ఊహించే చోట మాత్రం కాదు. వెళ్లగానే చాలామందికి ‘లైబ్రరీకి ఓ యాప్ చేసేస్తా’ అన్న ఉత్సాహం వస్తుంది. ఆగండి. లైబ్రరీ నిర్వహణకు ‘కోహా’ అనే ఉచిత ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ 2000 నుంచే ఉంది. న్యూజిలాండ్‌లో ఓ చిన్న ప్రాంతపు లైబ్రరీల కోసం పుట్టింది. మావోరీ భాషలో ఆ పేరుకు కానుక అని అర్థం. మన దేశంలో ఎన్‌ఐసీ తయారుచేసిన ‘ఈ-గ్రంథాలయ’ కూడా ఉంది. కాబట్టి చక్రాన్ని మళ్లీ కనిపెట్టక్కర్లేదు. అసలు తలనొప్పి అందులో నింపాల్సిన డేటాతోనే.

నేను చూసిన జాబితాలో తెలుగు పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండేవి. ‘పేదరాసి పెద్దమ్మ’ ఒకచోట సింగిల్ ‘ఏ’తో, మరోచోట డబుల్ ‘ఏ’తో, ఇంకోచోట ‘డి’ పక్కన ‘హెచ్’తో. మూడు రకాలుగా రాస్తే కంప్యూటర్‌కు ముగ్గురు పెద్దమ్మలు! కొంత జాబితాను డీటీపీ వాళ్లు పాత ఫాంట్లలో టైప్ చేసిచ్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే చోటుంది. అయినా మన పుస్తకాల జాబితాలు చాలావరకు అక్కడికి ఇంకా చేరలేదు.

బార్‌కోడ్ స్కాన్ చేస్తే వివరాలన్నీ వచ్చేస్తాయి కదా అనుకుంటాం. పాత తెలుగు పిల్లల పుస్తకాల్లో చాలావాటికి ఐఎస్‌బీఎన్ నంబరే ఉండదు. ఉన్నవాటిలోనూ 2007కు ముందువైతే పది అంకెలే. వాటిని ఇప్పటి పదమూడు అంకెల్లోకి మార్చాలి, చివరి చెక్ డిజిట్ మళ్లీ లెక్కగట్టాలి. పైథాన్ నేర్చుకున్నవాళ్లకు ఇంతకంటే మంచి అభ్యాసం ఏముంటుంది? డూప్లికేట్లు పట్టుకోవడం, ఫాంట్ మార్చడం, స్పెల్లింగ్ తేడాలను కలిపి వెతికే చిన్న ప్రోగ్రాం రాయడం... ఇవన్నీ నిజమైన సమస్యలు. వీటికి జవాబులు నెట్‌లో రెడీమేడ్‌గా దొరకవు. మీరు చేసింది సరైందో కాదో సాయంత్రం నాలుగున్నరకు బడి వదలగానే తెలిసిపోతుంది.

లెక్కల మాస్టారు చూపిన దారి

ఇంజినీర్లకు లైబ్రరీతో ఏం పని అనేవాళ్లకు ఒక పేరు గుర్తుచేస్తాను. ఎస్.ఆర్. రంగనాథన్. మద్రాసులో లెక్కల అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయ్యి, శిక్షణ కోసం లండన్ వెళ్లారు. అక్కడ ఓ పెద్ద దుకాణంలో ‘మెకానో’ అనే పిల్లల బొమ్మల సెట్ చూశారు. అవే ముక్కలు, నట్లు, బోల్టులు వేర్వేరుగా బిగిస్తే వేర్వేరు బొమ్మలవుతున్నాయి. పుస్తకాల విషయాలనూ ఇలా ముక్కలుగా విడగొట్టి కలపొచ్చు కదా అన్న ఆలోచన అక్కడే మెరిసింది. 1933లో వచ్చిన కోలన్ వర్గీకరణ దాని ఫలితమే. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది ఆయన గ్రంథాలయ సూత్రాల్లో ఒకటి. ఇవాళ ఏ యాప్ డిజైనర్‌ని అడిగినా చెప్పే మొదటి పాఠమూ అదే.

మనవాళ్లేం తక్కువ తినలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల సభ పెట్టించి, ఉద్యమాన్ని ఊరూరికీ నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్య ఉన్నారు. కాలువల మీద పడవలో పుస్తకాలు పంపిన పాతూరి నాగభూషణం ఉన్నారు. పుస్తకం దగ్గరికి పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలనుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ‘లాస్ట్ మైల్ డెలివరీ’!

కోడ్‌తో తెగని ముడులు

ఎనిమిది వారాల్లో కోడ్‌తో తెగని ముడులూ కనిపించాయి. మూడో తరగతి చదివే ఓ అమ్మాయి రోజూ వచ్చేది. ఓ రోజు ‘అన్నా, ఇది ఇంటికి తీసుకెళ్లొచ్చా? తమ్ముడికి చదివి వినిపిస్తా’ అంది. సభ్యత్వానికి డిపాజిట్ కావాలి, చిరునామా రుజువు కావాలి. వాళ్ల అమ్మానాన్నలు పని కోసం వేరే ఊరి నుంచి వచ్చారు, ఆధార్‌లో పాత చిరునామా. నిబంధన ప్రకారం ఇవ్వడానికి లేదు. పుస్తకం పోతే స్టాక్ లెక్కల్లో సమాధానం చెప్పుకోవాల్సింది లైబ్రేరియనే. కొన్ని బీరువాలకు తాళాలు పడేది కూడా ఈ భయం వల్లే. చివరికి ఆ పాప చదివే బడి హెడ్మాస్టారు పూచీ మీద కార్డు ఇచ్చారు. యాప్‌తో అవ్వని పని ఒక సంతకంతో అయింది. సిస్టమ్ ఎక్కడ ఆగిపోతోందో వెతకడం కూడా ఇంజినీరింగే.

రెండో ముడి ఇంకా గట్టిది. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లతో లైబ్రరీలు నిండిపోతున్నాయి. కుర్చీ చాలక మెట్ల మీద కూర్చుంటున్నారు. వాళ్లూ మన అన్నలు, అక్కలే. చోటు చాలనప్పుడు ముందుగా చిన్నబోయేది మాత్రం పిల్లల గది. ‘ష్... అల్లరి చేయొద్దు’ అని రెండుసార్లు అనిపించుకున్న పిల్లాడు మూడోసారి రాడు. పిల్లలు రావట్లేదు కాబట్టి గది ఎందుకు అంటారు. అలా ఓ బల్ల, ఆపై ఓ ర్యాక్, చివరికి గదే పోతుంది. పిల్లలు ధర్నా చేయరు కదా! ఓ ఇంటర్న్ అక్కడ ఉండి, సాయంత్రం గంట కథ చదివించి, ఎంతమంది వచ్చారో రోజూ రాసిపెడితే ఆ గదికి ఒక సాక్ష్యం తయారవుతుంది. నిధులు, చోటు అడగడానికి లైబ్రేరియన్ చేతిలో కాగితం ఉంటుంది.

ప్లేస్‌మెంట్‌లో పనికొస్తుందా?

మీ అసలు ప్రశ్న ఇదేనని తెలుసు. ‘లైబ్రరీ ఇంటర్న్’ అన్న లైను చూసి ఏ హెచ్‌ఆరూ లేచి నిలబడరు. ఆ లైను వల్ల నాకు ఉద్యోగం వచ్చిందనీ చెప్పను. కానీ ఇంటర్వ్యూలో ‘నువ్వు చేసిన పని చెప్పు’ అన్నప్పుడు చెప్పడానికి నా దగ్గర సొంత కథ ఉండేది. సమస్య ఏంటి, ఎవరిది, ఏం ప్రయత్నించాను, ఏది కుదిరింది, ఏది కుదరలేదు... ఎదురు ప్రశ్నలు ఎన్ని వేసినా తడబడక్కర్లేదు, ఎందుకంటే కాపీ కొట్టింది ఏమీ లేదు. పైగా ఇంటర్న్‌షిప్ ఇప్పుడు సిలబస్‌లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ కాలేజీల్లోనైతే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా ఉంది. ఎలాగూ చేయాల్సిందే కదా, ఎవరికైనా పనికొచ్చేలా చేద్దాం.

ఒక్క హెచ్చరిక. ఇంటర్న్ లైబ్రేరియన్‌కు ప్రత్యామ్నాయం కాదు. లైబ్రరీ సైన్స్ చదివి పోస్టుల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. ‘పిల్లలు ఉచితంగా చేస్తున్నారుగా’ అని ఖాళీలు అలాగే వదిలేస్తే మన సేవ వాళ్ల కడుపు కొట్టినట్టే. మనం ఎనిమిది వారాల అతిథులం. ఉద్యోగాల భర్తీ ప్రభుత్వం పనే.

వెళ్లే ముందు ఇవి చూసుకోండి

కాలేజీ నుంచి లేఖ తీసుకుని జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శిని కలవండి. వేళలు ముందే కనుక్కోండి, చాలాచోట్ల ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపే తెరుస్తారు. మొదటి వారం ల్యాప్‌టాప్ బ్యాగులోంచి తీయకండి. పిల్లలు ఏం అడుగుతున్నారో నోట్‌బుక్‌లో రాసుకోండి. వాళ్ల ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టకండి. పేర్లు, ఫోన్ నంబర్లు మీ సొంత షీట్‌లో ఎక్కించకండి. 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చట్టం సంగతి పక్కనపెట్టినా, అది కనీస మర్యాద. కథల గంటలో లైబ్రరీ సిబ్బంది ఒకరు గదిలో ఉండేలా చూసుకోండి.

పుస్తకాలు చాలకపోతే ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’ చూడండి. 2015లో మొదలైన ఈ వేదికలో తెలుగు కథలు స్థాయిలవారీగా, ఉచితంగా దొరుకుతాయి. చివరి వారం కొత్తగా ఏమీ మొదలుపెట్టకండి. మీరు చేసిందంతా తేలిక తెలుగులో రెండు పేజీలు రాసి, ప్రింటు తీసి లైబ్రేరియన్ చేతికివ్వండి. మీరు వెళ్లిపోయాక నడవని ప్రోగ్రాం ఎంత గొప్పదైనా దండగే.

మన ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, రసీదు తీసి చూడండి. ఆ పిల్లల గది మనందరి డబ్బుతో నడుస్తోంది. ఈ వేసవిలో దాని తలుపు తీయించే పని మీరు చేయండి.