తాళంచెవి ఇచ్చారు, బడి ఇవ్వలేదు

తమిళనాట జూన్‌లో బడులు తెరుస్తారు. ఆ రోజుల్లోనే తెలుగు సంఘాల నుంచి మాకు కరపత్రాలు వస్తాయి. తెలుగు అంతరించిపోతోంది, మన పిల్లలకు తెలుగు చదువుకునే హక్కు కావాలి అని వాటి సారాంశం. ఆ మాటతో మాకు పేచీ లేదు. "మన పిల్లలు" అన్నచోటే మాకు పేచీ.

కోయంబత్తూరులో తెలుగువారెవరని అడిగితే లక్ష్మీ మిల్స్ చూపిస్తారు, పి.ఎస్.జి. విద్యాసంస్థలు చూపిస్తారు, జి.డి. నాయుడు గారి పేరు చెబుతారు. మదురైలో అయితే తిరుమల నాయకుని మహలుకు తీసుకెళ్లి స్తంభాలు చూపిస్తారు. చూడవలసినవే. కానీ ఆ ఊళ్లలో తెల్లవారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే తల్లులు కూడా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఉక్కడం సి.ఎం.సి. కాలనీలోనూ, మదురై మేలవాసల్‌లోనూ పిల్లల్ని జోకొట్టేది తెలుగులోనే. వీళ్లు అరుంధతీయులు. ఆంధ్ర, తెలంగాణ మాదిగ సహోదరులకు రక్తబంధువులు. తెలుగు సంఘాల ఉగాది వేదికల మీద మేము వీళ్లను ఎన్నడూ చూడలేదు. వేదిక ఊడ్చేటప్పుడు మాత్రం చూశాము.

వీళ్ల ఇళ్లను నగరం కదిలిస్తోంది. ఉక్కడం వంతెన కోసం సి.ఎం.సి. కాలనీలోని పారిశుద్ధ్య కార్మికుల ఇళ్లు తీసేశారు. 2024 ఆగస్టు 9న ముఖ్యమంత్రి ఆ వంతెన ప్రారంభించారు, పత్రికలు మెచ్చుకున్నాయి. చెరువులను సుందరీకరించడానికి ముత్తన్నన్ కుళం గట్టు మీది కుటుంబాలను కీరనత్తం, మలుమిచ్చంపట్టి వైపు అపార్టుమెంట్లకు పంపారు. ఒకప్పటి మురికివాడల నిర్మూలన బోర్డు పేరు 2021లో నగర నివాస అభివృద్ధి బోర్డుగా మారింది. పేరు మారినందుకు మాకు సంతోషమే, "నిర్మూలన" అనే మాట మనుషుల మీద వాడవలసింది కాదు.

మేము ఈ విషయం ఎత్తగానే ఒక జవాబు వస్తుంది. "ఇల్లు ఇచ్చారుగా, ఇంకేం కావాలి?" అహాబు రాజు కూడా నాబోతుకు మరింత మంచి ద్రాక్షతోట ఇస్తానన్నాడు, కాదంటే డబ్బు ఇస్తానన్నాడు. బైబిలు ఆ బేరాన్ని దయగా లెక్కకట్టలేదని మన విశ్వాసులకు గుర్తు చేయనక్కరలేదు.

అలాగని పాత ఇళ్లలోనే ఉంచమని మేము అనడం లేదు. 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున మేట్టుపాళయం నడూరులో వానకు నానిన ఎత్తయిన ప్రహరీ అరుంధతీయుల ఇళ్ల మీద కూలి 17 మంది చనిపోయారు. గట్టి పైకప్పు కావాలి, కావలసిందే. ఆ పైకప్పుకు పిల్లల చదువును మూల్యంగా ఎందుకు తీసుకుంటున్నారన్నదే మా ప్రశ్న.

మా సంఘంలోని ఒక కుటుంబం సంగతి చెబుతాము. మే నెలలో నగరం అంచున మూడో అంతస్తులో ఇల్లు వచ్చింది. అమ్మాయి ఎనిమిదికి, బాబు మూడుకి రావాలి. పాత బడి టి.సి. ఇవ్వడానికి, కంప్యూటరులో పిల్లల పేర్లు విడుదల చేయడానికి వారాలు పట్టింది. పేరు విడుదల కానిదే చేర్చుకోలేమని కొత్త బడి తిప్పి పంపింది. తల్లి కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు. ఇల్లు మారినా ఆమె ఊడ్చే వార్డు మారలేదు. ఇదివరకు నడిచి వెళ్లేది, ఇప్పుడు నాలుగున్నరకే మొదటి బస్సు కోసం నిలబడుతోంది. ఆమె వెళ్లింది మొదలు బడి గంట కొట్టేదాకా తమ్ముణ్ణి చూసుకునేది అమ్మాయే. జూలై చివరికి బాబు చేరాడు. అమ్మాయీ చేరింది గానీ వారంలో మూడు రోజులే వెళుతోంది. "ఆడబిడ్డ కదయ్యా, ఇంటిపట్టున ఉంటే నాకు ధైర్యం" అంటుంది తల్లి. ఆ తల్లిని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు.

చట్టం ఏమంటోంది? 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షను ప్రకారం, పిల్లవాడు బడి మారవలసి వస్తే ప్రధానోపాధ్యాయుడు టి.సి. వెంటనే ఇవ్వాలి. టి.సి. ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి ప్రవేశం ఆపకూడదు. 15వ సెక్షను ప్రకారం చేరికల గడువు దాటినా చేర్చుకోవాలి. ఒకటి నుంచి ఐదు తరగతులకు కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలని నియమం. వేల మందిని ఒకచోటికి తరలించే ప్రభుత్వానికి అక్కడి బడిలో గదులెన్ని, టీచర్లెందరు అని ముందే లెక్క వేసుకోవడం చేతకాదా? నీళ్ల ట్యాంకుకు లెక్క వేస్తారు, లిఫ్టుకు వేస్తారు.

తమిళనాడు చేసిన మేలు దాచిపెట్టడం మా పని కాదు. 2022 సెప్టెంబరు 15న ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయపు టిఫిను పథకం మదురైలోనే మొదలైంది. బస్సు పాసు ఉచితం, పుస్తకాలు ఉచితం. తెలుగు రాష్ట్రాలు చూసి నేర్చుకోవలసినవి. కానీ రిజిస్టరులో పేరు లేని పిల్లవాడికి ఆ ఉప్మా కూడా దక్కదు, ఇల్లు మారిన పిల్లవాడి పేరు ఎక్కడా లేని వారాలు ఇవే.

ఇక భాష సంగతి. చేరిక ఫారంలో మాతృభాష అనే గడి ఉంటుంది. ఆ తల్లి మెల్లగా "తమిళమనే రాయండయ్యా" అంది. ఎందుకో మాకు తెలుసు. కొంగునాట "ఇంట్లో ఏం భాష?" అన్నది చాలాసార్లు కులం ప్రశ్నే. తెలుగంటే నాయుడా, అరుంధతీయుడా అని చూస్తారు. చిరునామాలో హౌసింగ్ బోర్డు అని ఉంటే రెండో ప్రశ్న అవసరమే ఉండదు. భాష చెబితే కులం బయటపడుతుందని ఆమె భాషనే దాచుకుంది. తెలుగు అంతరించిపోవడానికి కారణాలు వెతికే పెద్దలు ఈ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం మీద భాషా అల్పసంఖ్యాకుల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏడాది పదో తరగతి తమిళ పరీక్ష నుంచి ఆ పిల్లలకు మినహాయింపు పొడిగించింది. న్యాయమైన పోరాటమే. రాజ్యాంగం 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి మాట్లాడుతుంది. కానీ ఎనిమిదిలోనే బడి మానేసే అమ్మాయికి పదో తరగతి మినహాయింపుతో ఏం పని? పైకోర్టు దాకా వెళ్లగలిగిన ఈ సంఘాలు ఒక్క టి.సి. కోసం పాత బడి మెట్లు ఎక్కలేవా?

ఇదే వేలు మన వైపు కూడా తిప్పాలి. 2009లో తమిళనాడు షెడ్యూల్డు కులాల 18 శాతంలో 3 శాతం అరుంధతీయులకు కేటాయించింది. 1994 నుంచి తెలుగునేల మీద మాదిగలు దండోరా వేసి అడిగిన న్యాయం అక్కడ చట్టమైంది, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ సరైనదేనంది. అయితే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులం హోదా పోతుంది, తమిళనాడు లెక్కలో బి.సి. అవుతాడు. అందుకే అదే ఫారంలో మతం గడి దగ్గరా ఆ తల్లి చెయ్యి ఆగింది. బాప్తిస్మం ఇచ్చిన మనం ఆ గడి దగ్గర ఆమె పక్కన ఎందుకు నిలబడడం లేదు? క్రైస్తవ యాజమాన్యపు బడులు ఈ రెండు నగరాల్లోనూ ఉన్నాయి. తరలించిన కాలనీల పిల్లలకు వాటిలో ఎన్ని సీట్లు ఫీజు లేకుండా ఉంచారో బిషపులూ, కరస్పాండెంట్లూ బహిరంగంగా చెప్పాలి.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. బోర్డు ఇంటి తాళంచెవి ఇచ్చే రోజునే, అదే బల్ల దగ్గర విద్యాశాఖ ఉద్యోగి కూర్చుని పిల్లల పేర్లు కొత్త బడిలో ఎక్కించాలి. బడి సాగే నెలల్లో ఏ కుటుంబాన్నీ తరలించకూడదు. తెల్లవారుజామున పనికి వెళ్లే తల్లుల పిల్లల కోసం అపార్టుమెంటు కింది గదిలో ఐదింటికే తెరిచే సంరక్షణ కేంద్రం కావాలి. లేదంటే ఆ తల్లుల వార్డే మార్చాలి, అది కార్పొరేషను చేతిలో పనే.

తెలుగు సంఘాల పెద్దలకు ఒక మాట. వచ్చే మే నెలలో కరపత్రం అచ్చువేసే ముందు మాతో కీరనత్తం రండి, మదురైవారు రాజాక్కూరు వెళ్లండి. ఏ ఇంటి పిల్లవాడికి ఏ కాగితం రావాలో జాబితా రాద్దాం. రాయడానికి మీ తెలుగు, మా తెలుగు రెండూ పనికొస్తాయి.