ఫిల్ము మూలన పేరుంది, పంపకండి

డాక్టరు గారూ, ఆ స్కాన్‌ను గ్రూపులో పెట్టే ముందు దాని మూలలు ఒకసారి చూడండి. పేషెంటు పేరు, వయసు, ఆస్పత్రి నంబరు, స్కాన్ తీసిన తేదీ అక్కడే ఉంటాయి. ఫిల్మును ఫోనుతో ఫొటో తీసి "ఒపీనియన్ ప్లీజ్" అని పంపితే అవన్నీ దాంతోపాటే వెళ్తాయి. ఒక వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. ఆ బొమ్మ వాళ్ళ ఫోన్లలో గ్యాలరీకి చేరి, అక్కణ్ణుంచి క్లౌడ్ బ్యాకప్‌లోకి కూడా పోవచ్చు. ఆ ఫోన్లు ఇంట్లో పిల్లల చేతుల్లోకీ వెళ్తుంటాయి.

క్యాన్సర్ వైద్యులు ఒకరినొకరు అడగాల్సిందే. జిల్లాలో ఒంటరిగా పనిచేసే ఆంకాలజిస్టుకు అరుదైన సార్కోమా ఎదురైతే, పెద్ద సెంటరులోని సీనియర్ మాట రోగి ప్రాణం నిలపగలదు. షికాగోలో ఏటా జరిగే ఆస్కో క్యాన్సర్ సదస్సులో వెల్లడైన ఫలితాల మీద అదే రోజు ఎక్స్‌లో చర్చ మొదలవుతుంది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఒక డాక్టరు మరో డాక్టరును ఫోను ద్వారా సంప్రదించడానికి వీలిచ్చాయి. ఆ దారి మూసెయ్యమని ఎవరూ అనడం లేదు. సలహా కోసం రోగి పేరు వెయ్యిమందికి చేరాల్సిన పని లేదన్నదే మా మాట.

మన ఇళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. "గడ్డేలే అమ్మా, కరెంటు పెడితే కరిగిపోతుంది" అని చెప్పి తల్లిని రేడియేషన్‌కు తీసుకొచ్చే కొడుకులు మీ ఓపీలో రోజూ కనిపిస్తారు. పెళ్ళి కావాల్సిన కూతురు ఉందని, రొమ్ము క్యాన్సర్ మాట మేనమామకు కూడా చెప్పని ఇళ్ళున్నాయి. ఆ కుటుంబం అంత జాగ్రత్తగా దాచుకున్న మాట ఒక్క ఫార్వర్డ్‌తో ఊరికి చేరితే, దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

పేరు చెరిపేశాం కదా అని ధీమా పడొద్దు. ఫోన్లో హైలైటర్‌తో నల్లగా గీసిన చోట బ్రైట్‌నెస్ పెంచితే అక్షరాలు తేలొచ్చు. పవర్‌పాయింట్‌లో క్రాప్ చేసిన భాగం తెర మీద కనిపించదు కానీ ఫైల్లో అలాగే ఉంటుంది. ఇలాంటి స్లైడ్ల నుంచే రోగుల వివరాలు సెర్చ్ ఇంజన్లకు చిక్కుతున్నాయని 2020లో అమెరికాలోని రేడియాలజీ సంస్థలు తమ సభ్యులను హెచ్చరించాయి. అసలు స్కాన్ ఫైల్లో, అంటే డైకామ్‌లో, బొమ్మ మీద ఏమీ కనిపించకపోయినా పేరూ పుట్టినతేదీ లోపల ఉండొచ్చు. బయాప్సీ స్లైడు లేబుల్ మీది నంబరు చాలు, ల్యాబ్‌లో ఎవరైనా మనిషిని పట్టేస్తారు. జబ్బు అరుదైనదైతే పేరుతో పనే లేదు. ఫలానా మండలం, ముప్పై రెండేళ్ళ టీచరు, గత నెలలో ఆపరేషన్ అని రాస్తే ఊళ్ళో గుర్తుపట్టని వాళ్ళుండరు.

చట్టం సంగతి కూడా వినండి. రోగి అనుమతి లేకుండా, గుర్తుపట్టేలా ఫొటోలు గానీ కేసు వివరాలు గానీ ప్రచురించకూడదని 2002 నాటి వైద్య నీతి నియమావళి చెబుతోంది. సోషల్ మీడియా నడవడిపై జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధనలు తెచ్చి, అదే నెలలో నిలిపేసింది. అది నిలిచిందని పాత నియమం చెల్లకుండా పోలేదు. అదే ఏడాది వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం ప్రకారం సమాచారాన్ని కాపాడటంలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అడ్మిషన్ రోజు కంగారులో సంతకం పెట్టించిన కాగితం, స్కాన్‌ను ఎక్స్‌లో పెట్టుకోవడానికి అనుమతి కాదు. ఎక్కడ పెడతారో, ఎవరు చూస్తారో రోగికి తెలుగులో చెప్పి, విడిగా అడగండి. వద్దంటే అదే ఆఖరు మాట. దానివల్ల వైద్యంలో తేడా రాదని కూడా చెప్పండి.

ఆస్పత్రులు చేతులు దులుపుకోకూడదు. పేర్లు తీసేసి స్కాన్లు పంపుకొనే పద్ధతి మీరు ఏర్పాటు చెయ్యకపోతే పీజీ విద్యార్థి తన ఫోనే తీస్తాడు. టాటా మెమోరియల్ చొరవతో 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో వర్చువల్ ట్యూమర్ బోర్డు ఉంది. కష్టమైన కేసులను అలాంటి చోటికి తీసుకెళ్ళండి.

ఇక ఈ రాత్రే మీ గ్రూపులు తెరవండి. వాట్సాప్‌లో పెట్టినదాన్ని అందరికీ చెరిపే వీలు రెండున్నర రోజుల వరకే ఉంటుంది. గత రెండు రోజుల్లో పెట్టిన వాటిలో పేరున్నవి ముందు తీసెయ్యండి. గడువు దాటిన వాటిని తమ ఫోన్లలోంచి, బ్యాకప్‌లోంచి కూడా చెరిపెయ్యమని గ్రూపులోని వాళ్ళను అడగండి.