పారవేయడం పరిష్కారం కాదు



"రాదు సార్, పారేసి కొత్తది కొనుక్కోండి." ఈ వాక్యమంటే నాకు తగని కోపం. వాచీల దుకాణంలో విన్నాను, మిక్సీ బాగుచేసే చోట విన్నాను, కడపటికి కెమెరాల అంగడిలోనూ విన్నాను. వస్తువు బిగుసుకుపోయినంత మాత్రాన చచ్చినట్టు కాదు. అది ఎందుకు బిగుసుకుందో విచారించని వానికి దాని మీద మరణశాసనం రాసే అధికారం లేదని నా వాదం.

సంగతి చెబుతాను. ఉద్యోగ విరమణ తరువాత గండికోట, బెలుం వంటి చోట్లకు పోయి ఫొటోలు తీసే అలవాటు నాకు అంటుకుంది. ఆ సరదాతో సెకండ్ హ్యాండులో హీలియాస్ లెన్సు ఒకటి కొన్నాను. 58 మిల్లీమీటర్లది, సోవియట్ కాలంలో జెనిట్ కెమెరాలతో పాటు వచ్చేది. మునుపటి యజమాని దానిని కానన్ కెమెరాకు తగిలించుకోవడానికి వెనుక ఒక అడాప్టరు బిగించి, అలాగే అమ్మివేశాడు. నా కెమెరా సోనీ. పాత అడాప్టరు ఊడితే గాని నాది ఎక్కదు. కర్నూలులో ఒక అంగడికి తీసుకుపోయాను. అతడు ప్లయరుతో పట్టి రెండు మార్లు మెలితిప్పాడు. అంచు గీసుకుపోయింది. ఆ వెంటనే పైన చెప్పిన తీర్పు వెలువడింది. తిప్పినది అర నిమిషం. ఆలోచించినది అంతసేపు కూడా లేదు.

అసలు ఆ అడాప్టరు ఎందుకు రాలేదు? ఆ లెన్సు మర వ్యాసం 42 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకూ మరొక చుట్టుకూ నడుమ 1 మిల్లీమీటరు. 1949 నాటి జర్మన్ కెమెరా కంటాక్స్ ఎస్‌లో కనిపించిన కొలత ఇది. ఆ పిమ్మట తూర్పు జర్మనీ ప్రాక్టికా, జపాను పెంటాక్స్, రష్యా జెనిట్ దానినే స్వీకరించాయి. ఈ పద్ధతిలో లెన్సు ఆనుకునే అంచు నుండి ఫిల్ము దాకా దూరం 45.46 మిల్లీమీటర్లు. 1987లో వచ్చిన కానన్ ఈఎఫ్ కెమెరాలలో ఆ దూరం 44. తేడా 1.46. అంటే రెంటి నడుమ బయటికి కనిపించే అడాప్టరు అంచు ఒకటిన్నర మిల్లీమీటరైనా ఉండదు. అంత పలుచని అంచు మీద వేళ్లకు పట్టు ఎక్కడ దొరుకుతుంది? అది మొరాయించడానికి మొదటి కారణం ఈ పట్టు లేకపోవడమే.

పట్టు లేదని ప్లయరుతో రెండు వైపులా నొక్కితే ఏమవుతుంది? పలుచని చుట్టు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. నొక్కిన రెండు చోట్లా మర మరింత కరుచుకుంటుంది. విప్పుతున్నాననుకుంటూ ఆ పెద్దమనిషి బిగిస్తూ ఉన్నాడన్నమాట!

తరగతిలో సంధులు చెప్పే రోజులలో పిల్లలకు నేను మొదట చెప్పిన మాట ఇది: విడదీసే ముందు ఏ సంధో చూడండి. 'మహేంద్రుడు' అన్నదానిని 'మహే' దగ్గర పుటుక్కున తెంపితే రెండు తునకలు వస్తాయి గాని రెండు పదాలు రావు. కలిసిన తీరు తెలిసినవాడే విడదీయగలడు. మరకైనా మాటకైనా ఇదే న్యాయం.

ఇది పండితుల చాదస్తమని కొట్టివేసేవారు మన సీమ పల్లెలను చూడండి. ఇనుప పైపుల కాలంలో బోరు మోటారు పైకి తీసేటప్పుడు జోడింపు బిగుసుకుంటే, ఆ పనివారు పైపునంతా కాల్చేవారు కారు. పైనున్న కప్లింగుకు మాత్రమే సెగ తగిలించి, చుట్టూ మెల్లగా తట్టి, అప్పుడు రెంచి వేసేవారు. ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడూ అంతే. నిప్పులలో కాలిన పట్టా సాగుతుంది, చక్రం మీద కూర్చుంటుంది, నీళ్లు పోస్తే బిగుస్తుంది. బిగించడం తెలిసిన ఆ చేతులకు వదులు చేయడమూ తెలుసు. భౌతికశాస్త్రం చదవని వారి జ్ఞానం ఇది. డిజిటల్ కెమెరాలు అమ్మేవారికి ఇది ఎందుకు కొరవడాలి?

నేను చేసిన పని మిత్రులకు ఉపయోగపడవచ్చు గనుక రాస్తున్నాను. ముందుగా భూతద్దంతో అడాప్టరు పక్కలు పరిశీలించాను. కొన్నింటికి అడ్డంగా సూది మొనంత మరలు ఉంటాయి. అవి ఉండగా ఎంత తిప్పినా వృథా. నా దానికి లేవు. తరువాత సందులోని మురికిని పొడి బ్రష్షుతో తీశాను. సైకిలు ట్యూబు ముక్కను కోసి, చెక్క పలక మీద పరచాను. అడాప్టరు అంచుకు మాత్రం హెయిర్ డ్రైయరు గాలి కొద్దిసేపు తగలనిచ్చాను. అల్యూమినియం 30 డిగ్రీలు వేడెక్కితే 42 మిల్లీమీటర్ల వ్యాసం సుమారు 0.03 మిల్లీమీటరు పెరుగుతుంది. కంటికి ఆనదు గాని మరకు అది చాలు. అయితే లెన్సు కూడా అంతే వేడెక్కితే రెండూ కలిసి పెరుగుతాయి, లాభం ఉండదు. అందుకే ఆలస్యం చేయక అడాప్టరు రబ్బరుకు ఆనేట్టు లెన్సును నిలబెట్టి, పైనుండి సమంగా అదిమి, అపసవ్యంగా తిప్పాను. పట్టుకోవలసినది లెన్సు మొదట్లోని కదలని భాగాన్ని. ఫోకస్ చుట్టును పట్టి తిప్పితే బలమంతా లోపలి సీల మీద పడుతుంది. మూడవ మారు కదిలింది. పాత ట్యూబు తప్ప ఖర్చు లేదు.

నూనె వేయమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. వారితోనూ నాకు పేచీయే. నూనె మర దగ్గర ఆగదు; పాకి అపర్చర్ రేకులకు చేరుతుంది, అవి ఒకదానికొకటి అంటుకుంటాయి. అతిగా కాల్చడమూ తప్పే. లోపలి గ్రీజు కరుగుతుంది. పాత లెన్సులలో రెండు అద్దాలను అతికించిన బాల్సం మెత్తబడుతుంది. మే నెలలో మన కర్నూలు, కడప ఎండలకు నిలిపిన కారులో లెన్సు వదలివేయరాదనడానికి కారణం కూడా ఇదే.

"ఇంత శ్రమ ఎందుకు, సమయానికి విలువ లేదా?" అంటారు. ఉంది. అన్ని వస్తువులూ దక్కవు. బూజు తిని అద్దం మీద చారలు పడిన లెన్సును ఎవరూ బతికించలేరు. ఏ ఉపాయానికీ లొంగని అడాప్టరును చివరకు రంపంతో ఒక చోట కోసి విడదీయవలసి రావచ్చు. అప్పుడు బలి ఇవ్వవలసినది చవకైన అడాప్టరును, లెన్సును కాదు. ఆ అంగడివాడు చెప్పిన తీర్పు దీనికి సరిగ్గా తలకిందులు.

అయితే తప్పంతా అంగళ్లదేనా? మరమ్మతు చేసేవాడు గంటసేపు పరిశీలించి పది నిమిషాలలో విప్పితే, "ఇంత చిన్న పనికి రెండు వందలా?" అని మనమే బేరమాడుతాము. కొత్త వస్తువు పెట్టె మీద అచ్చయిన ధరకు మాత్రం నోరెత్తము. ఆలోచనకు కూలి ఇవ్వని సమాజంలో ఆలోచించేవాడు ఎన్నాళ్లు నిలుస్తాడు? అతని కొడుకు ఆ విద్య నేర్చుకోడు. ఆ తరువాత మనకు మిగిలేది "పారేయండి" అన్న ఒక్క మాటే.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక సంఘాన్ని వేసింది. అదే ఏడాది డిసెంబరులో అందుకోసం వెబ్‌సైటు తెరిచింది. 2024లో ఐరోపా సమాఖ్య ఆదేశమే జారీ చేసింది. మంచిదే, స్వాగతిస్తున్నాను. విడిభాగాలను, వివరాల పుస్తకాలను చట్టం ఇప్పించగలదు. వేళ్లలోని నేర్పును, దానికి తగిన గౌరవాన్ని మాత్రం మనమే ఇవ్వాలి.

వాన నమ్మకం లేని నేల మనది. పాత వస్తువును నిలబెట్టుకోవడం ఇక్కడ ఏనాడూ పీనాసితనం కాలేదు, బతకనేర్చిన తెలివి అయింది. మీ ఊళ్లో విప్పడం తెలిసినవాడు ఇంకా ఒకడు మిగిలి ఉంటే అతని దగ్గరకు పని తీసుకుపోండి, అడిగిన కూలి ఇవ్వండి, వీలైతే మీ పిల్లవాణ్ణి కాసేపు అతని పక్కన కూర్చోబెట్టండి.

నాతో విభేదించేవారు తప్పక రాయండి, చర్చిద్దాం. కొత్త లెన్సు కొనుక్కోమన్న సలహా మాత్రం వద్దు.