మారిషస్ అంటే రిసార్టు కాదు

అనంతపురం, హిందూపురం, ధర్మవరం పెళ్లిళ్లలో ఇప్పుడు మారిషస్ పేరు తరచుగా వినిపిస్తోంది. ఒకప్పుడు కొత్త దంపతులు తిరుపతి వెళ్లి వచ్చేవాళ్లు. తర్వాత ఊటీ, కొడైకెనాల్ వచ్చాయి. ఇప్పుడు జాతీయ రహదారి 44 మీద కొన్ని గంటల్లో దేవనహళ్లి విమానాశ్రయం చేరి, ముంబయిలో విమానం మారి, హిందూ మహాసముద్రం మధ్యలో దిగుతున్నారు. నేలలో నీళ్ల కోసం వెయ్యి అడుగుల బోరు వేసుకునే సీమ పిల్లలు సముద్రం దాటి ఒక వారం సుఖంగా గడపడం మంచి మార్పే. ఆ ప్రయాణం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు.

నా అభ్యంతరమంతా ఒక అభిప్రాయం మీద. ‘దంపతులకు ద్వీపమంటే రిసార్టే. ఏడు రోజుల ప్యాకేజీ కొనుక్కోవాలి, తినాలి, ఈదాలి, ఫొటోలు దిగి రావాలి. అంతకు మించి అక్కడ ఏముంది?’ ట్రావెల్ ఏజెంట్లు ఈ మాట అంటారు. వెళ్లి వచ్చినవాళ్లు అంటారు. డబ్బు పెట్టే పెద్దలూ నమ్ముతారు. ఈ అభిప్రాయం తప్పు. వాతావరణం లెక్కలో తప్పు, ఖర్చు లెక్కలో తప్పు. తెలుగువాళ్ల చరిత్ర తెలిసినవాళ్లకైతే ఇది సహించరాని తప్పు.

ముందు వాతావరణం సంగతి. ప్యాకేజీ ముహూర్తాన్ని బట్టి నడుస్తుంది. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లి జరిగితే ఆ వారంలోనే టికెట్లు తీస్తారు. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. మనకు శివరాత్రి చలి తగ్గే కాలం, వాళ్లకు నడి వేసవి, తుపానుల కాలం. అక్కడ తుపాను హెచ్చరికలు నాలుగు తరగతులు. మూడో తరగతి హెచ్చరిక ఇస్తే జనం ఇళ్లలోనే ఉండిపోవాలి, బస్సులు ఆగిపోతాయి. 2024 జనవరి 15న బెలాల్ తుపాను వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు వరదలో కొట్టుకుపోయాయి. మే నుంచి నవంబరు దాకా వాతావరణం నెమ్మదిగా ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా ఫిబ్రవరికి గదులు అంటగట్టేవాడు మీ మేలు కోరేవాడు కాడు. పెళ్లయిన వారానికే వెళ్లి తీరాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఆషాఢం వెళ్లనిచ్చి శ్రావణంలోనో, దసరా తర్వాతో బయలుదేరితే పోయేదేమీ లేదు.

ఇక ఎక్కడ దిగాలన్న ప్రశ్న. ఇక్కడ అనంతపురం మనిషి ఎవరి సలహా కోసమూ ఎదురుచూడక్కర్లేదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి మన దాకా వచ్చేసరికి అలసిపోతాయి. అందుకే మనకు సాలీనా పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. వర్షచ్ఛాయ అంటే ఏమిటో మన చేలే మనకు నేర్పాయి. మారిషస్‌లోనూ అదే సూత్రం పనిచేస్తుంది. ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు నడిమి పీఠభూమికి తగిలి అక్కడ ఏటా 4,000 మిల్లీమీటర్ల దాకా వాన కురిపిస్తాయి. కొండ దాటిన పడమటి తీరానికి 900 మిల్లీమీటర్లు దక్కడమే గొప్ప. జూలై, ఆగస్టుల్లో తూర్పు తీరాన గాలి గట్టిగా కొడుతుంది. అదే రోజున పడమట ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, టమరిన్ వైపు సముద్రం నిలకడగా ఉంటుంది. హోటల్ బ్రోషర్‌లో రెండు తీరాల నీళ్లూ ఒకే నీలం రంగులో ఉంటాయి. ముంగారు వానలను బట్టి విత్తనం ఎప్పుడు వెయ్యాలో తేల్చుకునే కుటుంబాల పిల్లలు, ఒక వారం బస ఎక్కడో తేల్చుకోలేరా?

‘అన్నీ చూడాలంటే ప్యాకేజీయే గతి’ అంటారు. మారిషస్ ప్రధాన ద్వీపం వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు. విభజనకు ముందున్న మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో పదో వంతు. నిలువున 65, అడ్డంగా 45 కిలోమీటర్లు మించని నేల మీద రెండు హోటళ్లు మార్చాల్సిన పనేముంది? ఒకే చోట బస చేసి, పొద్దున బయలుదేరి చీకటిపడేలోగా తిరిగి రావచ్చు. బస్సులు అన్ని మూలలకూ వెళ్తాయి. మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు. భారతీయ పాస్‌పోర్టుకు ముందస్తు వీసా అక్కర్లేదు, తిరుగు టికెట్టు, బస కాగితాలు చేతిలో ఉంటే చాలు. ఇంగ్లిషు నడుస్తుంది. ఆ దేశపు చట్టం ప్రకారం సముద్రతీరం ప్రజలది. హోటలు వెనక నేలను లీజుకు తీసుకోవచ్చు గాని, అల తాకే ఇసుకకు యజమాని కాలేదు. ‘ప్రైవేట్ బీచ్’ పేరుతో అదనంగా వసూలు చేస్తే, తమది కానిదాన్ని, అందరిదాన్ని మీకు అమ్ముతున్నారన్నమాట.

భోజనం కూడా అంతే. మూడు పూటలా రిసార్టు బఫే తిన్నవాళ్లకు దాల్ పూరీ రుచి తెలియదు. పప్పు పొడి కూరి పలుచగా కాల్చి, కూరా పచ్చడీ రాసి, జోడు చొప్పున చుట్టి ఇస్తారు. పోర్ట్ లూయిస్ బజారులో బళ్ల మీద ఇదే ఆ దేశపు సామాన్యుడి భోజనం. గాతో పిమాన్ అనే వాళ్ల చిరుతిండి పచ్చిమిర్చి వేసిన పప్పువడే. ఈ వంటలు ఆ ద్వీపానికి ఎలా చేరాయి? ఈ ప్రశ్న అడగకుండా తిరిగి వచ్చేలా చేయడమే ప్యాకేజీ చేసే అసలు హాని.

ఎలా చేరాయో చెప్తాను. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది భారతీయ కూలీలను పోర్ట్ లూయిస్‌లో దింపింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దవుతున్న కాలమది. చెరకు తోటల యజమానులకు కొత్త చేతులు కావలసివచ్చాయి. అప్పటి నుంచి 1920 వరకు దాదాపు 5 లక్షల మంది ఆ రేవులో దిగారు. వాళ్లలో తెలుగువాళ్లున్నారు. గోదావరి మొగనున్న కోరంగి రేవు నుంచి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వెళ్లారు. రేవు పేరు మీద వాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవాళ్లు. ఆ రేవే ఇప్పటి ఆప్రవాసి ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఓడ దిగినవాళ్లు ఎక్కిన పదహారు మెట్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

ద్వీపం అగ్నిపర్వతం నుంచి పుట్టింది. దాదాపు 80 లక్షల ఏళ్ల కిందట సముద్రంలోంచి పైకి వచ్చిన లావా గట్టిపడి నల్ల రాయి అయింది. చెరకు నాటాలంటే ముందు ఆ రాళ్లు ఏరాలి. ఏరింది కూలీలు, ఉత్త చేతులతో. అక్కడి చెరకు తోటల మధ్య ఈనాటికీ పెద్ద పెద్ద రాళ్ల గుట్టలు కనిపిస్తాయి. మారిషస్‌లో రాయి ఎత్తితే కింద బంగారం దొరుకుతుందని దళారులు ఆశపెట్టి ఓడ ఎక్కించారని వాళ్ల సంతతి తరతరాలుగా చెప్పుకుంటోంది. బండరాళ్లు ఏరి గట్లు పోసి శెనక్కాయ చేను చేసుకున్న వంశంలో పుట్టినవాళ్లకు ఆ గుట్టల విలువ ఎవరూ వివరించనక్కర్లేదు. వానలు మొహం చాటేస్తే ఇంటికి తాళం వేసి బెంగళూరుకో, కేరళకో కూలికి పోయే ఊళ్లు మనవి. మారిషస్‌కు వెళ్లిన తొలి తెలుగువాళ్లలో ఎక్కువమంది మన సీమవాళ్లు కారు, నిజమే. కాని వలస అంటే ఏమిటో తెలిసినవాళ్లం మనం. అంత తెలిసీ ఆ పదహారు మెట్లకు అరగంట ప్రయాణ దూరంలో ఏడు రోజులు ఈతకొలను ఒడ్డున పడుకుని వస్తే, అది సెలవు కాదు, పరాకు.

అదంతా గతం కూడా కాదు. తెలుగు సంతతి అక్కడ ఇప్పటికీ ఉంది. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధిస్తారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, రామభజనలు చేస్తారు, అమ్మోరికి మొక్కుతారు. ఇంట్లో క్రియోల్ మాట్లాడే మనిషి గుడిలో తెలుగులో పాడతాడు. దాదాపు రెండు వందల ఏళ్లుగా ఇంత దూరంలో ఇంత పట్టుగా నిలబెట్టుకున్న మనుషులను పలకరించకుండా రావడం ఎంత పెద్ద లోటు! అయితే ఒక హెచ్చరిక. గుడి మీకోసం పెట్టిన ప్రదర్శన కాదు. ముందుగా కబురు చేసి వెళ్లండి, కెమెరా జేబులో ఉంచండి, భజన అయ్యేదాకా కూర్చోండి, ప్రసాదం తిని రండి.

ఇక్కడ నాకు ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. ‘కొత్తగా పెళ్లయినవాళ్లకు ఏకాంతం కావాలి గాని చరిత్ర పాఠాలెందుకు?’ ఏకాంతం కావాలి, కాదనను. ఉమ్మడి ఇంట్లో కాపురం మొదలుపెట్టే అమ్మాయికి, అబ్బాయికి ఆ ఏడు రోజులు చాలా విలువైనవి. ఒకరినొకరు తెలుసుకోవడమే ఆ సెలవు ప్రయోజనమైతే, ఇద్దరూ కలిసి బస్సు వెతుక్కోవడం, కలిసి బేరమాడటం, కలిసి దారి తప్పడం, తెలియని ఊళ్లో ఒకరి మీద ఒకరు ఆధారపడటం అందుకు పనికొచ్చినట్టు గదికి తెచ్చిపెట్టే పూల పళ్లెం పనికిరాదు. ప్యాకేజీలో నిర్ణయాలన్నీ ముందే అయిపోయి ఉంటాయి. చాలా ఇళ్లలో ఆ నిర్ణయాలు తీసుకునేది అబ్బాయి స్నేహితులు, డబ్బు కట్టేది అమ్మాయి తండ్రి. అమ్మాయిని అడిగేది ఏ బట్టలు సర్దుకుంటావనే. ఇద్దరి జీవితంలో మొదటి ప్రణాళిక ఇద్దరూ కూర్చుని వేసుకోకపోతే, ఇంకేది వేసుకుంటారు?

రెండో ప్రశ్న పెద్దలది. ‘కరువు సీమవాళ్లకు ఈ విలాసం తగునా?’ తగుతుంది. కరువులో పుట్టినందుకు సముద్రం చూసే హక్కు పోదు. అప్పు చేసి వెళ్లడం మాత్రం తగదు. అక్కడికి వెళ్లాక నీళ్లను మరచిపోవడమూ తగదు. సగటున 2,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఆ ద్వీపంలోనూ వాన వెనకపడిన ఏడాది చివర్లో ఇళ్ల కుళాయిలకు గంటల లెక్కన నీళ్లు వదులుతారు. పగుళ్లున్న లావా రాతిలో నీరు ఇంకిపోతుంది, ఏటవాలు నేల మీద సముద్రానికి జారిపోతుంది. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన ఊరివాళ్లు స్నానాల తొట్టి నింపేముందు ఒక్క క్షణం ఆలోచించాలి.

మరి వారం ఎలా గడపాలి? పడమటి తీరంలో ఒకే చోట గది తీసుకోండి. ఏడు రోజుల్లో సగం సముద్రానికి, విశ్రాంతికి వదిలేయండి. పగడపు దిబ్బ చుట్టిన లోతు తక్కువ నీళ్లలో ఈదండి, పగడాన్ని మాత్రం తాకకండి, తొక్కకండి. ఒక పనిరోజు పోర్ట్ లూయిస్‌కు, ఆప్రవాసి ఘాట్‌కు, అక్కడి బజారుకు ఇవ్వండి. ఇంకో రోజు షమరెల్ రంగుల మట్టి, బ్లాక్ రివర్ అడవి చూసి, సాయంత్రానికి ల మోర్న్ కొండ కిందికి చేరండి. 556 మీటర్ల ఆ నల్లరాతి కొండ పారిపోయిన బానిసలు తలదాచుకున్న చోటు. అదీ యునెస్కో వారసత్వ స్థలమే, 2008 నుంచి. మరో రోజు క్యూర్‌పిప్‌లో చల్లారిన అగ్నిపర్వత బిలం ట్రూ ఓ సెర్ఫ్ అంచు మీద నడిచి, కొండల మధ్య గంగా తలావ్ చెరువుకు వెళ్లండి. శివరాత్రికి లక్షలాది మంది కాలినడకన చేరే చెరువది. వీలైతే ఆగ్నేయ తీరాన మహేబూర్ చూడండి. 2020 జూలైలో వకాషియో అనే ఓడ ఆ దరిదాపుల్లో పగడపు దిబ్బకు తగిలి, ఆగస్టులో నూనె కక్కినప్పుడు, ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చి చెరకు ఆకులను గుడ్డల్లో కుక్కి, కుట్టి, నీటి మీద తేలే కట్టలు కట్టారు. హోటలు కిటికీలోంచి కనిపించే ఆ నీలి నీళ్లు అలా నిలబడ్డాయి. వాటికి వెనక మనుషులున్నారు.

ద్వీపం ఒక దేశం. అందులో పనిచేసి బతికేవాళ్లున్నారు, వాళ్లలో మనవాళ్లున్నారు. దాన్ని ఈతకొలనుగా, ఫొటో తెరగా కుదించి అమ్మే ప్యాకేజీని తిరస్కరించండి. ఈ ఏడు పెళ్లి చేసుకోబోయే అనంతపురం జంటలకు నా విన్నపం ఒక్కటే: ముహూర్తం పెద్దలు పెట్టనివ్వండి, ప్రయాణం మాత్రం మీరిద్దరూ కూర్చుని వేసుకోండి. అందులో ఒక పూట ఆప్రవాసి ఘాట్ మెట్లకు కేటాయించండి.